డైనోసార్లకూ పక్షులకూ మధ్య అడ్డుపడిన ఎముక

పక్షులు డైనోసార్ల సంతతి అన్న మాట నిన్న మొన్న పుట్టింది కాదు, నూట యాభై ఏళ్ల నాటిది. మధ్యలో దాదాపు అర్ధశతాబ్దం శాస్త్రవేత్తలు దాన్ని పక్కన పెట్టేశారు. ఎందుకు పెట్టారన్నదే అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి.

1861లో జర్మనీలోని బవేరియాలో, సోల్న్‌హోఫెన్ సున్నపురాయిలో ఆర్కియోప్టెరిక్స్ అనే జీవి శిలాజం బయటపడింది. రెక్కలకు పక్షి ఈకలు, వాటి చివర గోళ్లున్న వేళ్లు, వెనక బల్లికున్నట్టు పొడవాటి తోక ఎముకలు. అదే ప్రాంతంలో దొరికిన చిన్న డైనోసార్ కాంప్సోగ్నాథస్ కాళ్లు పక్షి కాళ్లను ఎంతగా పోలి ఉన్నాయో చూపి, పక్షులూ డైనోసార్లూ దగ్గరి బంధువులని ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ 1868 నుంచి వాదించాడు.

1926లో డెన్మార్క్ వాడైన గెర్హార్డ్ హైల్మన్ పుస్తకంతో కథ అడ్డం తిరిగింది. పోలికలన్నీ ఆయనా ఒప్పుకున్నాడు. కానీ పక్షి రొమ్ము ముందు వి ఆకారంలో ఉండే విష్‌బోన్ రెండు జత్రుకలు (మెడ కింద భుజాల వైపు సాగే ఎముకలు) కలిసిపోయి ఏర్పడింది. డైనోసార్లకు జత్రుకలే లేవు, పరిణామంలో పోయిన అవయవం తిరిగి రాదు, కనుక పక్షుల మూలం అంతకంటే పాత సరీసృపాల్లో ఉండాలన్నాడు. తర్కం గట్టిదే, పునాదే బలహీనం. దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు. నిజానికి 1924లో వర్ణించిన డైనోసార్ ఓవిరాప్టర్‌లోనే ఆ ఎముక ఉంది, దాన్ని మరో ఎముకగా పొరబడ్డారు. 1936లో సెగిసారస్ అనే మరో డైనోసార్‌లో జత్రుకలు గుర్తించినా హైల్మన్ మాటే చెల్లింది.

1964లో అమెరికాలోని మోంటానాలో శిలాజ శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్‌కు డైనోనికస్ అనే డైనోసార్ దొరికింది. దాని మణికట్టులో అర్ధచంద్రాకారపు చిన్న ఎముక ఉంది. దాని వల్ల చెయ్యి పక్కకు మడుచుకుంటుంది. పక్షి రెక్క ముడిచేదీ అలాగే, ఆర్కియోప్టెరిక్స్ మణికట్టూ అలాంటిదే. 1970లో ఆయన నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ మ్యూజియంలో ఎగిరే సరీసృపం అని చీటీ ఉన్న ఒక శిలాజాన్ని పరిశీలిస్తుంటే, వెలుతురు ఏటవాలుగా పడినచోట ఈకల అచ్చులు సన్నగా కనిపించాయి. దాన్ని ఆర్కియోప్టెరిక్స్‌గా గుర్తించాడు. 2017లో అది వేరే జాతి అని తేల్చి, ఆయన పేరు మీదే ఆస్ట్రోమియా అన్నారు.

1996లో చైనాలోని లియావోనింగ్ నుంచి సైనోసారోప్టెరిక్స్ వచ్చింది. ఎగరడానికి ఏ వీలూ లేని ఆ డైనోసార్ ఒంటి మీద నూగు లాంటి ఈకలు! ఈకలు ఎగరడం కోసమే పుట్టాయన్న నమ్మకం అక్కడితో పోయింది. రెండేళ్లకే నడిమి కాడ ఉన్న అసలైన ఈకలతో కాడిప్టెరిక్స్ అనే మరో డైనోసార్ కనిపించింది. 2007లో వెలోసిరాప్టర్ అనే డైనోసార్ ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకునే బొడిపెలు గుర్తించారు.

ఆ తర్వాతా గట్టిగా నిలిచిన అభ్యంతరం వేళ్లది. డైనోసార్ శిలాజాల వరస ప్రకారం పక్షి రెక్కలోవి చేతి ఐదు వేళ్లలో మొదటి మూడు. పిండంలో ఎదిగే స్థానాన్ని బట్టి మాత్రం రెండు, మూడు, నాలుగు అనిపిస్తాయి. అలాగైతే పక్షులు డైనోసార్ల సంతతి కావన్నది అభ్యంతరం. 2011లో జపాన్ పరిశోధకులు కోడి పిండాల్లో కణాల కదలికను వెంబడించి, అవి మొదటి మూడు వేళ్లేనని వాదించారు.