గట్టు మీది తుత్తురబెండ

పలమనేరు దగ్గర ఒక టమాటా చేను గట్టు మీద తుత్తురబెండ అనే కలుపు మొక్క ఆకు తిప్పి చూశాను. అడుగున తెల్లదోమ పిల్లలు పొలుసుల్లా అతుక్కుని ఉన్నాయి. "పీకేద్దామా సార్?" అన్నారు రైతు. చెయ్యి అప్పటికే మొక్క మొదట్లో ఉంది. ఒక్క నిమిషం ఆగమని భూతద్దం తీశాను.

తెల్లదోమ పేరుకే దోమ, నిజానికి పేనుబంకకు చుట్టం. పొడవు ఒక మిల్లీమీటరు. 600కు పైగా రకాల మొక్కల మీద బతకగలదు కాబట్టి, చేనులో టమాటా లేని నెలల్లో దాని కాపురం గట్టు మీదే. అది పీల్చే రసం కన్నా మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌తోనే అసలు బాధ. రోగమున్న మొక్క రసంతో కడుపులోకి వెళ్లిన వైరస్ ఒంట్లో తిరిగి లాలాజలంలోకి చేరుతుంది. ఇక రోజుల తరబడి, వాలిన ప్రతి మొక్కకూ ముప్పే. వయ్యారిభామ లాంటి కలుపులోనూ ఈ వైరస్ తలదాచుకుంటుంది. నాటిన మొదటి నెలలో సోకితే మొక్క గిడసబారిపోతుంది, కాపు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇంత విన్నాక ఎవరైనా గట్టు నున్నగా గీకేస్తారు. కానీ భూతద్దంలో కొన్ని పిల్లలు నల్లబడి కనిపించాయి. అది ఎన్‌కార్సియా అనే పరాన్న కందిరీగ పని. తెల్లదోమ కన్నా చిన్నదైన ఈ కందిరీగ దోమపిల్లలో గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆ పిల్లను లోపలి నుంచే తినేస్తుంది. ఖాళీ పొలుసు చూసి బయటికొచ్చింది ఎవరో చెప్పవచ్చు. దోమ అయితే వీపున ఇంగ్లిషు 'టి' అక్షరంలా చీలిక ఉంటుంది, కందిరీగ అయితే కొరికిన గుండ్రటి కంత. ఇంతకన్నా తేలికైన సాక్ష్యం పొలంలో నేను చూడలేదు.

కలుపు పీకడానికీ ముహూర్తం ఉంది. నారు నాటకముందే గట్లు శుభ్రం చేస్తే దోమకు నిలువ నీడ ఉండదు. చేనులో లేత మొక్కలుండగా గీకితే మాత్రం రెక్కలున్న దోమలన్నీ లేచి వాటి మీదే వాలతాయి. కదలలేని పిల్లలూ, వాటిలో పెరుగుతున్న కందిరీగలూ చాలావరకు ఆకుతోపాటే ఎండిపోతాయి. దొంగ పారిపోయి కాపలాదారు చచ్చినట్లు!

కామంచి, ఉమ్మెత్తల విషయంలో నాకు ఈ దయ లేదు. అవి టమాటాకు దాయాదులు. దక్షిణ అమెరికా నుంచి వచ్చి 2014లో మన దేశంలో బయటపడిన టూటా అనే ఆకు తొలిచే పురుగు, టమాటా లేనప్పుడు వాటి మీదా గుడ్లు పెడుతుంది.

ఆ చేను అప్పటికే కాపు మీద ఉంది. ఆకు మీద నాకు కనిపించిన పొలుసుల్లో గుండ్రటి కంతలే ఎక్కువ. భూతద్దం రైతు చేతికిచ్చాను. చాలాసేపు చూశారు. తుత్తురబెండను వదిలేసి, పక్కనే ఉన్న కామంచిని వేళ్లతో సహా పీకారు.