మాయమాటలను కళ్లకు కట్టిన కళాకారులు

సినీనటి రష్మిక మందన్న ముఖాన్ని మరో మహిళ దేహానికి అతికించిన వీడియో 2023 నవంబరులో దేశమంతా తిరిగిన నాటి నుంచి, కంటితో చూసినదాన్నీ చెవితో విన్నదాన్నీ ఎంతవరకు నమ్మాలన్న చర్చ హైదరాబాద్‌లోనూ సాగుతూనే ఉంది. ఆ చర్చ ఎక్కువగా సాంకేతికత చుట్టూ, చట్టం చుట్టూ తిరుగుతోంది. అయితే ఒక మనిషి మరొకరి మనసును వశం చేసుకునే తీరును గమనించి, దాన్ని రాతిలోనూ చెక్కలోనూ రంగుల్లోనూ పట్టి చూపే పని రెండున్నర వేల ఏళ్లకు పైగా జరుగుతున్నది. ఆ చరిత్ర తెలిస్తే ఇప్పటి సమస్యలో ఏది పాతదో, ఏది నిజంగా కొత్తదో విడదీసి చూడటం సాధ్యమవుతుంది.

అందుకు ఒక గొప్ప సాక్ష్యం మన నగరంలోనే, మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. 19వ శతాబ్దంలో ఒకే సికమోర్ దుంగ నుంచి చెక్కిన ఆ జంట శిల్పానికి ముందువైపు మెఫిస్టోఫిలిస్ అనే పిశాచం తల ఎగరేసి గర్వంగా నిలబడి ఉంటుంది. వెనకవైపు మార్గరెటా అనే అమ్మాయి తల వంచుకొని ఉంటుంది, ఆమె రూపం వెనక అమర్చిన అద్దంలో కనిపిస్తుంది. జర్మన్ కవి గోథే 1808లో వెలువరించిన 'ఫౌస్ట్' నాటకం మొదటి భాగంలోని పాత్రలివి. మార్గరెటాను మోహించిన ఫౌస్ట్ అనే పండితుడి కోరిక తీర్చడానికి ఆ పిశాచం ఆమె అల్మరాలో రహస్యంగా నగలు పెడుతుంది, పొరుగింటి ఆవిడను తియ్యటి మాటలతో లోబరచుకుంటుంది; చివరికి ఆ అమ్మాయి జీవితం నాశనమవుతుంది. చూడటానికి వచ్చినవారు చాలామంది పనితనాన్ని మెచ్చుకొని ముందుకు సాగిపోతారు. నిజానికి ఆ శిల్పి ఆలోచన పనితనం కంటే గొప్పది. వంచించినవాడు, వంచనకు గురైన మనిషి ఒకే కొయ్యలో ఉన్నా ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. ఇద్దరినీ ఒకేసారి చూడగలిగేది ఎదురుగా నిలబడ్డ మూడో మనిషి మాత్రమే. ఎవరికి ఏది కనిపిస్తోంది, ఎవరికి ఏది కనిపించడం లేదు అన్న తేడాలోనే మోసం బతుకుతుందని శతాబ్దాలుగా మంచి కళాకారులు గ్రహించారనడానికి ఈ శిల్పమే నిదర్శనం.

ప్రాచీన గ్రీకులు ఒప్పించే మాటను ఒక దేవతగానే భావించి ఆమెను పైతో అని పిలిచారు. క్రీ.పూ. 490 ప్రాంతంలో మాక్రోన్ అనే గ్రీకు చిత్రకారుడు చిత్రించిన ఒక పాత్ర ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది. దాని మీద ట్రాయ్ రాజకుమారుడు పారిస్ గ్రీకు రాణి హెలెన్ చేయి పట్టుకొని తీసుకుపోతుంటే వెనక ఈ పైతో నిలబడి ఉంటుంది. అంటే హెలెన్ తనంతట తాను వెళ్లిందా, ఎవరో వెళ్లేలా చేశారా అన్న ప్రశ్నను చిత్రకారుడు తేల్చకుండానే వదిలాడు. ఆ ప్రశ్న నేటికీ న్యాయస్థానాల్లో వినిపిస్తూనే ఉంటుంది.

మన కృష్ణాతీరపు శిల్పులు ఇంకా సాహసించారు. బుద్ధుణ్ణి లోబరచుకోవడానికి మారుడు తన కుమార్తెలతో, సేనతో వచ్చిన ఘట్టాన్ని చెక్కేటప్పుడు, అమరావతి సంప్రదాయానికి చెందిన తొలినాటి ఫలకాల్లో బుద్ధుడి స్థానంలో ఖాళీ ఆసనాన్నే ఉంచారు. ఆశ చూపేవాళ్లూ భయపెట్టేవాళ్లూ నాలుగు వైపులా ముసిరి ఉంటారు, లొంగవలసిన మనిషి మాత్రం అక్కడ కనిపించడు. ప్రలోభం విఫలం కావడాన్ని ఇంతకంటే సూటిగా చూపిన శిల్పాన్ని నేను చూడలేదు. అజంతా 26వ గుహలో అదే కథ బుద్ధుడి రూపంతో పెద్ద ఫలకంగా వచ్చింది. అందులో ఓడిపోయి దిగులుగా కూర్చున్న మారుడు కూడా ఉన్నాడు. అజంతా ఒకప్పుడు నిజాం రాజ్యంలోది. 1914లో ఏర్పడిన హైదరాబాద్ పురావస్తు శాఖ గులాం యాజ్దానీ నాయకత్వంలో ఆ గుహలను కాపాడింది, ఇటలీ నుంచి నిపుణులను రప్పించి చిత్రాలకు మరమ్మతు చేయించింది. ఆ చిత్రాల నకళ్లను పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో చూడవచ్చు.

మాయలేడి కథ చిత్రకారులకు మరింత కష్టమైన పరీక్ష పెట్టింది. అక్కడ వంచన మొదట రూపంలో, ఆ తర్వాత గొంతులో ఉంది: చనిపోతూ మారీచుడు రాముడి కంఠస్వరంతోనే సీతనూ లక్ష్మణుణ్ణీ పిలిచాడు. గొంతును బొమ్మలో గీయలేరు కాబట్టి ఎవరి దారి వారు వెతుక్కున్నారు. ఒడిశా చిత్రకారులు ఆ లేడికి రెండు తలలు పెట్టారు. మన తోలుబొమ్మలాటలో సన్యాసి వేషంలో వచ్చినవాడు రావణుడని తెర ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, సీతకొక్కదానికే తెలియదు.

ఐరోపాలో ఇటలీ చిత్రకారుడు బొత్తిచెల్లి 1490ల మధ్యలో గీసిన, ఫ్లోరెన్స్‌లోని ఉఫిజి మ్యూజియంలో ఉన్న 'అపనింద' చిత్రం దృష్టిని చెప్పేవాడి నుంచి వినేవాడి మీదికి మళ్లించింది. సింహాసనం మీది రాజుకు గాడిద చెవులుంటాయి. అజ్ఞానం, అనుమానం అనే ఇద్దరు స్త్రీలు చెరొకవైపు నిలబడి ఆ చెవుల్లో ఊదుతుంటారు. నిర్దోషి అయిన యువకుణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చే అపనిందకు మరో ఇద్దరు స్త్రీలు పూలతో తల అలంకరిస్తుంటారు. చాడీ ఎంత అందంగా ముస్తాబై వస్తుందో, చెప్పుడు మాటలు వినే పాలకుడి వల్ల ఎంత కీడు జరుగుతుందో ఒకే చట్రంలో చూపించిన చిత్రమది. ఆ తర్వాత 1630ల ప్రాంతంలో ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ ద లా తూర్ పేకాట మోసగాడి చేత నడుము వెనక దాచిన ఆసు ముక్కను చూసేవాళ్లకే చూపించాడు. మనకు తెలిసిపోయింది, మనం చెప్పలేం. అందువల్ల మనమూ అతని పక్షాన చేరినట్టవుతుంది.

ఇంగ్లండ్ చిత్రకారుడు హోగార్త్ 1754–55లో ఎన్నికల మీద గీసిన నాలుగు చిత్రాలు తెలుగు పాఠకులకు కొత్తగా అనిపించవు. ఒకదానిలో ఓటరు నడుమ నిలబడి ఉంటే, రెండు పక్షాల మనుషులూ చెరొక చేతిలో నాణేలు పెడుతుంటారు. మరొకదానిలో ప్రాణం పోయే స్థితిలో ఉన్నవారిని కూడా ఓటు వేయించడానికి మోసుకొస్తారు. మతి స్తిమితం లేని ఒకతని చెవిలో పక్కనున్నవాడు ఏదో చెబుతుంటాడు. హోగార్త్ ఓటరును కేవలం బాధితుడిగా చూపలేదు. అతనికీ ఒక లెక్క ఉందని ఆ ముఖం చెబుతుంది. ఆ నిజాయితీ వల్లే ఆ చిత్రాలు ఇన్నేళ్లు నిలిచాయి.

కళాకారులందరూ మోసాన్ని బయటపెట్టే పక్షంలోనే నిలిచారని చెప్పలేం. నెపోలియన్ 1800లో ఆల్ప్స్ పర్వతాలను దాటింది కంచరగాడిద మీద. 1801లో ఫ్రెంచి చిత్రకారుడు దావిద్ గీసిన చిత్రంలో మాత్రం ఆయన ముందుకాళ్లెత్తి లేచిన గుర్రం మీద ఉంటాడు. సుమారు అర్ధశతాబ్దం తర్వాత మరో ఫ్రెంచి చిత్రకారుడు దెలరోష్ అదే ప్రయాణాన్ని కంచరగాడిదతో, అలసిన ముఖంతో గీశాడు. అయినా జనం మనసులో మిగిలింది గుర్రమే. సత్యం ఆలస్యంగా వస్తే దానికి చోటు దొరకడం ఎంత కష్టమో ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇక ఇప్పటి సమస్యకు అతి దగ్గరి పూర్వికుడు జర్మనీకి చెందిన జాన్ హార్ట్‌ఫీల్డ్. ఆయన ఫొటోలను కత్తిరించి అతికించేవాడు. ప్రసంగిస్తున్న హిట్లర్ ఛాతీని ఎక్స్‌రేలా తెరిచి, గొంతు నుంచి కడుపు దాకా బంగారు నాణేల దొంతరను చూపించిన చిత్రం 1932లో వచ్చింది; మరుసటి ఏడాదే ఆయన ప్రాణాలు దక్కించుకోవడానికి ప్రాగ్‌కు పారిపోవలసి వచ్చింది. అది అతికించిన బొమ్మేనని చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు, తెలియాలనే ఆయన ఉద్దేశం కూడా. నేటి నకిలీ వీడియోలో అతుకు కనపడకుండా ఉండటమే తయారుచేసినవాడి పనితనం. మోసగాడు ఆ చట్రంలో ఎక్కడా ఉండడు, బాధితురాలు తన ముఖం అక్కడ వాడుకున్నారని అందరికంటే చివర తెలుసుకుంటుంది, ఇద్దరినీ చూడగల మూడో మనిషి స్థానాన్ని కళాకారులు మనకు ఇన్ని శతాబ్దాలు ఇస్తూ వస్తే, ఈ వీడియో చూసే మనిషికి అదొక్కటీ దక్కడం లేదు.