తాటాకు ఇల్లు ఎందుకు కారదు?

ఎండిన తాటాకును ఎత్తి పట్టుకుని చూస్తే చీలికల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. అలాంటి ఆకులతో నేసిన కప్పు కిందే శ్రీకాకుళం నుంచి దివిసీమ దాకా తీరగ్రామాల్లో తరతరాలు వానాకాలాలు గడిపాయి.

తాటాకు విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటుంది. మట్ట దగ్గర నుంచి సుమారు సగం దాకా రేకులన్నీ అతుక్కుని, ఆ తర్వాత కొసల వరకు విడిపోతాయి. అతుక్కున్న భాగంలో ప్రతి మడతా ఒక సన్నని కాలువే. చినుకు అందులో జారి కొసకు చేరి, కింది వరుస ఆకు మీద పడుతుంది. అలా మెట్లు దిగినట్టు దిగి చూరు దాటుతుంది. అందుకే ఆకును కొస కిందికి, మట్ట మొదలు పైకి ఉండేలా వేస్తారు.

ఈ జారుడంతా వాలు మీదే ఆధారపడింది. కప్పు వెడల్పులో సగం ఎంతో, చూరు నుంచి కొప్పు (రెండు వాలులూ పైన కలిసే అంచు) ఎత్తు అంత ఉండాలి. అంటే 45 డిగ్రీల వాలు. వాలు తగ్గితే నీరు నెమ్మదిస్తుంది, తలతన్యత వల్ల ఆకు అడుగుకు అంటుకుని పాకుతుంది, ఆకుల మధ్య నిలిచిపోతుంది. ఆరని చోట బూజు పట్టి ఆకు చివుకుతుంది. వాసాల ఖర్చు మిగులుతుందని వాలు తగ్గించిన పాక ముసురు పట్టగానే కారడం మొదలుపెడుతుంది.

ఎన్ని ఆకులు కావాలి? 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న ఇంటికి చుట్టూ 2 అడుగుల చూరు వదిలితే కప్పు 16 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు అవుతుంది. 45 డిగ్రీల వాలులో చూరు నుంచి కొప్పుకు 11 అడుగుల పైచిలుకు. మూడడుగుల ఆకులో 9 అంగుళాలే బయటికి కనిపించేలా వేస్తే కప్పు మీద ఎక్కడ తడిమినా కనీసం నాలుగు ఆకుల మందం ఉంటుంది. ఆ లెక్కన ఒక్కో వైపు 15 వరుసలు. ఆకు వెడల్పూ మూడడుగులే అనుకుని, పక్క ఆకు మీద సగం ఎక్కిస్తూ పోతే వరుసకు 15 ఆకులు, రెండు వైపులా 450. కొప్పుకీ, చిరిగిపోయేవాటికీ మరో వంద. చెట్టుకు పది ఆకులకు మించకుండా కోస్తే 55 చెట్లు కావాలి. చెట్లు కొట్టేసిన ఊళ్లో తాటాకు ఇల్లు కనిపించకపోవడానికి ఇదొక్కటే చాలు.

కోసే ఆకు ముదిరి ఉండాలి, కానీ పచ్చగానే ఉండాలి. లేతాకు ఎండేకొద్దీ ముడుచుకుపోతుంది, చెట్టు మీదే ఎండినది చేతిలోనే విరుగుతుంది. కోసిన ఆకుల్ని విప్పి, ఒకదానిపై ఒకటి పేర్చి, పైన బరువు పెట్టి చదునుగా ఎండనిస్తారు. తడి ఉండగానే నేస్తే ఆకులు తర్వాత కుంచించుకుని వరుసల మధ్య సందులు పడతాయి.

నిట్రాళ్ల (నిలువు స్తంభాల) మీద దూలం, దూలం మీంచి వాసాలు, వాసాలకు అడ్డంగా 9 అంగుళాలకొకటి బద్దలు. తాటిలో చేవ (గట్టి కలప) వేప, టేకుల్లాగా నడిమధ్యన ఉండదు, బెరడు వైపున ఉంటుంది. కాబట్టి మొద్దును నిలువునా చీల్చి లోపలి మెత్తటి బెండు తీసేశాకే వాసంగా వాడాలి. ఆ బెండు మిగిలితే పురుగు అక్కడి నుంచే మొదలవుతుంది. కట్టుకు నానబెట్టిన తాటి నార మేలు. తడిగా ఉన్నప్పుడు చెప్పినట్టు వంగుతుంది, ఆరాక బిగుసుకుంటుంది. సముద్రపు గాలికి ఇనుప తీగ త్వరగా తుప్పుపడుతుంది, పైగా ఆకును కోస్తుంది.

నేత చూరు దగ్గర మొదలై కొప్పు దగ్గర ముగుస్తుంది, కారడం మాత్రం కొప్పు దగ్గరే మొదలవుతుంది. అక్కడ ఆకును రెండు వైపులకీ వంచాలి, వంచిన చోట చీలుతుంది. కాబట్టి ముందు గడ్డిని మందంగా పరిచి, దానిపై ఆకులు వేసి, రెండు పక్కలా బద్దలతో బిగించాలి. కప్పు మిగతాదంతా బాగున్నా ఏటా తొలకరికి ముందు కొప్పు ఒక్కటైనా సరిచేసుకోవాలి.

గుండ్రంగా కట్టే చుట్టింటికి ఈ బాధ తక్కువ, పొడవాటి కొప్పు ఉండదు, ఒక్క శిఖరమే. పైకి పోయేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది కాబట్టి ఆకులు మరింత దగ్గరగా పడతాయి. గాలికీ ఎదురొడ్డే మూల లేదు, చుట్టూ జారిపోతుంది. చూరు కింద దూరే గాలి కూడా కప్పును లేపుతుంది, అందుకే ఈ ఇళ్ల చూరు వంగితే తప్ప లోపలికి వెళ్లలేనంత కిందికి ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన లాంటిది వస్తే మాత్రం ఈ జాగ్రత్తలేవీ చాలవు.

ఆకుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని లోపలికి రానివ్వదు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులోంచి తాటాకింట్లోకి అడుగుపెడితే తేడా ఒంటికే తెలుస్తుంది. కారుతోందని కప్పు మధ్యలో ప్లాస్టిక్ పట్టా పరిచేవాళ్లున్నారు. అది ఆవిరిని బయటికి పోనివ్వక ఆకును లోపలి నుంచే కుళ్లబెడుతుంది. కట్టెల పొయ్యి పొగ తగిలినన్నాళ్లు ఆకుకు మసి పట్టి పురుగు రాదు. గ్యాస్ పొయ్యి కంటికీ ఊపిరికీ ఎంతో మేలు, కానీ ఆ తర్వాత కప్పును మరింత తరచుగా చూసుకోవాలి.

అసలు భయం నిప్పు. ఎండాకాలం ఒక్క రవ్వ చాలు. కప్పు కింద వాసాలపై మట్టి మెత్తిన అటక ఉంటే పైన మంట అంటుకున్నా అది కింద పడేలోపు పిల్లల్ని, గింజల్ని బయటికి తెచ్చుకునే వ్యవధి దొరుకుతుంది.