టికెట్ మీద రెండు గడియారాలుంటాయి

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర కూర్చుని విమానం టికెట్లు బుక్ చేస్తుంటాను. కిలోమీటర్ల గురించి అడిగేవాళ్లే ఎక్కువ. తప్పులు మాత్రం టైము దగ్గర జరుగుతాయి.

అపోహ: ఎక్కే టైముకీ దిగే టైముకీ ఉన్న తేడాయే ప్రయాణ సమయం.

దుబాయ్‌లో ఉన్న కొడుకును చూసిరావడానికి దేవరకద్ర వైపు నుంచి ఒక పెద్దాయన రానుపోను టికెట్ తీసుకున్నాడు. మర్నాడే వచ్చి, "ఏం బిడ్డా, పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలా? నాకేమన్నా పాత విమానం అంటగట్టినవా?" అని నిలదీశాడు.

టికెట్ చూస్తే అలాగే ఉంది మరి. ఇక్కడ పొద్దున 10కి ఎక్కితే అక్కడ 12.30కి దిగుతాడు. అక్కడ రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ తెల్లవారుజామున 3కి దిగుతాడు. కానీ ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. పోయేటప్పుడు ఆ గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. అప్పుడు నాలుగు గంటలు, మూడున్నర గంటలు తేలుతాయి. కాగితం మీద రాసి చూపించాను. "మరి ఆ అరగంట ఏమైంది?" అన్నాడు. పెద్దాయన గట్టోడే!

ఆ అరగంట చాలావరకు గాలిది. పది కిలోమీటర్ల పైన, ముఖ్యంగా చలికాలంలో, పడమటి గాలి జోరుగా ఉంటుంది. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. వానాకాలంలో మన వైపు పైగాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి తేడా తగ్గుతుంది.

అపోహ: దూరాన్ని విమానం వేగంతో భాగిస్తే సరిపోతుంది.

హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. గంటకు 850 చొప్పున మూడు గంటలే కావాలి. కానీ టికెట్‌లో రాసేది గేటు నుంచి గేటు దాకా పట్టే సమయం. రన్‌వే దాకా మెల్లగా పోవడం, వరుసలో ఆగడం, పైకి లేవడం, కిందికి దిగడం అన్నీ అందులోనే. దగ్గరి ఊళ్లకైతే ఈ భాగహారం మరీ తప్పుతుంది. ముంబై 620 కిలోమీటర్లే, టికెట్‌లో మాత్రం దాదాపు గంటన్నర ఉంటుంది.

అపోహ: మ్యాప్‌లో స్కేలు పెట్టి గీసిందే దగ్గరి దారి.

పిల్లల గ్లోబు మీద హైదరాబాద్ నుంచి చికాగోకి దారం బిగించి చూడండి. పడమటికి కాదు, ఉత్తర ధ్రువం వైపు లాక్కుపోతుంది.

ఇక అసలు కొంప ముంచేది అర్ధరాత్రి. టికెట్‌లో '15వ తేదీ, 00.30' అని ఉంటే 14 రాత్రే శంషాబాద్‌లో ఉండాలి. కొత్తలో నేను ఈ మాట నోటితో చెప్పి ఊరుకున్నాను. మక్తల్ కుర్రాడొకడు 15 రాత్రి సూట్‌కేసుతో దిగాడు. విమానం అంతకుముందు రాత్రే పోయింది, డబ్బూ పోయింది. అప్పటి నుంచి ఎర్ర పెన్నుతో పెద్దగా రాసిస్తున్నాను: '14 రాత్రి 9 కల్లా ఎయిర్‌పోర్టు, ఇంట్లో 6.30కే బయలుదేరాలి'. ఇక్కణ్ణుంచి శంషాబాద్ 80 కిలోమీటర్లకు పైనే, షాద్‌నగర్ దగ్గర ట్రాఫిక్ ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం.

పెద్దాయనకు తిరుగు టికెట్ మీద కూడా గీత గీసిచ్చాను. ఆయన ఎక్కేది 20 రాత్రి, దిగేది 21 తెల్లవారుజామున. కారు మాట్లాడాల్సింది 21కి.