రీకాల్ ప్రశ్నలు: జ్ఞాపకం ఎప్పుడు నేరమయింది?

వైవా (మౌఖిక పరీక్ష) గది తలుపు తెరుచుకుని ఒకరు బయటికి రాగానే పదిమంది చుట్టుముట్టి "ఏమడిగారు?" అనడం ప్రతి వైద్య కళాశాలలోనూ ఉన్నదే. పరీక్ష రాసినవారు అలా గుర్తుపెట్టుకుని చెప్పే ప్రశ్నలే రీకాల్స్. ఒక రోగిని పరీక్షించి జబ్బు తేల్చాల్సిన లాంగ్ కేస్ పరీక్ష వస్తోందంటే వార్డులో ఏ మంచం మీద ఏ జబ్బు ఉందో ముందే ఆరా తీస్తారు. కొన్నిసార్లు ఆ శ్రమ కూడా ఉండదు. ఏళ్ల తరబడి ఆసుపత్రికి తిరిగిన రోగి "నాది గుండె కవాటం జబ్బు బాబూ" అని తనే చెప్పేస్తాడు. దీన్ని మోసమని ఎవరూ అనరు. సీనియర్ల నోట్సు జూనియర్లకు దక్కడం హాస్టల్ ఆనవాయితీ.

ఆ ఆనవాయితీకి వెల కట్టే రోజులు పీజీ ప్రవేశ పరీక్షలతో వచ్చాయి. 1984లో ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఏ రాష్ట్రంవారైనా పోటీపడగల సీట్ల అఖిల భారత కోటాకు దారి పడింది. రాష్ట్రానికి ప్రత్యేక నిబంధనలిచ్చే రాజ్యాంగంలోని 371-డి అధికరణం కారణంగా ఆంధ్రప్రదేశ్ చాలాకాలం ఆ కోటాకు బయటే ఉంది. మన విద్యార్థులకు విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టే పరీక్షే అప్పట్లో పెద్ద దిక్కు. అయినా ఎయిమ్స్ పీజీ పరీక్ష ప్రశ్నలు చదవకుండా వదిలిపెట్టినవారు అరుదు.

చిక్కు ఇక్కడే ఉంది. ఎంబీబీఎస్ పాత ప్రశ్నపత్రాలు బజారులో దొరుకుతాయి, ఎవరైనా కొనుక్కోవచ్చు. పెద్ద ప్రవేశ పరీక్షల ప్రశ్నలు మాత్రం అధికారికంగా బయటికి రావు. కాబట్టి పరీక్ష రాసినవారు తలా నాలుగు ప్రశ్నలు గుర్తు తెచ్చుకుని కాగితం మీద పెట్టారు. వాటిని పోగేసి, జవాబులు జోడించి, గైడ్లు అచ్చేశారు. పాత ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుండటంతో ఆ గైడ్లే కొందరికి పాఠ్యపుస్తకాలయ్యాయి. తప్పుగా గుర్తున్న ప్రశ్నకు తప్పు జవాబు బట్టీపట్టిన తరాలూ ఉన్నాయి.

లీకు సంగతి వేరు. 2014లో ఉమ్మడి రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్షను రద్దు చేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. 2016లో తెలంగాణలో ఎంబీబీఎస్ ప్రవేశాలకు పెట్టిన ఎంసెట్-2 రద్దయి, సెప్టెంబరులో ఎంసెట్-3 జరిగింది. అక్కడ పరీక్షకు ముందే ప్రశ్నలు అమ్ముడుపోయాయి. రీకాల్ పుట్టేది పరీక్ష అయ్యాక. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల నిజాయితీగా చదివినవారి మీద కూడా అనుమానపు నీడ పడుతోంది.

అమెరికాలో ఈ తేడా చెరిగిపోయింది. రేడియాలజీ శిక్షణలోని వైద్యులు ఏళ్ల తరబడి బోర్డు పరీక్షల (స్పెషలిస్టుగా గుర్తింపునిచ్చే పరీక్షల) రీకాల్స్ చేతులు మార్చుకుంటున్నారని 2012 జనవరిలో సీఎన్ఎన్ బయటపెట్టింది. అంతకుముందే, 2010లో, న్యూజెర్సీలోని ఒక శిక్షణ సంస్థతో ప్రశ్నలు పంచుకున్నారంటూ ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు 139 మంది వైద్యులపై చర్య తీసుకుంది. 2024 జనవరిలో నేపాల్‌తో సంబంధమున్న కొందరి యూఎస్ఎంఎల్ఈ (అమెరికాలో వైద్య లైసెన్సు పరీక్ష) స్కోర్లు చెల్లవన్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది.

బోర్డుల వాదనలోనూ పస ఉంది. కొన్ని ప్రశ్నలను వేర్వేరు రోజుల్లో మళ్లీ వాడితే ఆ పరీక్షలను పోల్చడం వీలవుతుంది. అవి బయటపడితే కొలబద్దే వంకరపోతుంది. అందుకే కంప్యూటర్ పరీక్షల్లో అభ్యర్థి ముందుగా గోప్యత ఒప్పందానికి సమ్మతించాలి. దేశవ్యాప్త పీజీ వైద్య ప్రవేశ పరీక్ష అయిన నీట్ పీజీని మొదటిసారి 2012 నవంబరు 23 నుంచి డిసెంబరు 6 దాకా నడిపారు. అలాంటప్పుడు మొదటి రోజు రాసిన స్నేహితుడున్నవాడికి, లేనివాడికి తేడా రాదని ఎవరు హామీ ఇవ్వగలరు? నగరంలో కోచింగ్, పెద్ద కళాశాల హాస్టల్, మాట్లాడే సీనియర్లు ఉన్నవారి చేతికి జ్ఞాపకాలు ముందుగా అందుతాయి. మారుమూల పీహెచ్‌సీలో డ్యూటీ చేస్తూ చదివే డాక్టరు చేతికి అవి ఆలస్యంగా వస్తాయి, లేదా డబ్బు పెడితేనే వస్తాయి. నాకు అన్యాయంగా తోచేది ఈ అంతరమే, గుర్తుపెట్టుకోవడం కాదు.

2024 ఆగస్టు 11న నీట్ పీజీని రెండు షిఫ్టుల్లో, రెండు వేర్వేరు పేపర్లతో పెట్టారు. రెండు పేపర్ల కష్టంలో తేడాకు మార్కుల సర్దుబాటు ఎలా చేశారో తెలియక అభ్యర్థులు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2025లో ఒక ధర్మాసనం సర్దుబాటుకు ముందు మార్కులు, జవాబుల కీ, సర్దుబాటు సూత్రం ప్రచురించాలంది. మే 30న మరో ధర్మాసనం, రెండు పేపర్ల కష్టం ఎప్పటికీ సమానం కాదంటూ ఒకే షిఫ్టు పెట్టమంది. దాంతో జూన్ 15న జరగాల్సిన పరీక్ష ఆగస్టు 3కు వెళ్లింది. రెండు లక్షలకు పైగా అభ్యర్థులు ఒకే పేపరు రాశారు.

ఆ తర్వాత నీట్ పీజీ నిర్వహించే జాతీయ పరీక్షల బోర్డు కీ విడుదల చేసింది. అందులో ప్రశ్నలు లేవు, వాటి గుర్తింపు సంఖ్యలూ జవాబులూ మాత్రమే ఉన్నాయి. ఫలానా సంఖ్య ఏ ప్రశ్నదో తేల్చుకోవడానికి అభ్యర్థులు మళ్లీ తమ జ్ఞాపకాలనే పోగేసుకోవలసి వచ్చింది.