చేపలు పడటం లేదని చేప పిల్లలను వదిలేముందు

సరస్సులలో చేపల స్థితిని పరిశీలించి సలహా చెప్పడం నా వృత్తి. నన్ను పిలిచేవారు చాలామంది నేను గట్టు దిగకముందే ‘‘ఈసారి ఎన్ని పిల్లలను వదలమంటారు?’’ అని అడుగుతారు. వదలాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: గాలానికి మంచి చేప పడటం లేదంటే నీటిలో చేపలు తగ్గిపోయినట్లే, పిల్లలను తెచ్చి వదిలితే సరిపోతుంది.

వాస్తవం: చాలా చోట్ల నేను చూసింది దీనికి సరిగ్గా విరుద్ధం. ఒక సరస్సు ఎన్ని కిలోల చేపలను పోషించగలదో అందులో పుట్టే మేత నిర్ణయిస్తుంది. ఆ కిలోలు కొన్ని పెద్ద చేపలుగానైనా ఉండవచ్చు, వేల చిన్న చేపలుగానైనా ఉండవచ్చు. మేత చాలనప్పుడు చేప వెంటనే చావదు, ఎదుగుదల ఆపుకుంటుంది. అరచేతి పొడవులోనే గుడ్లు పెట్టి గుంపును ఇంకా పెంచే జాతులూ ఉన్నాయి. అటువంటి నీటిలో కొత్త పిల్లలను వదలడమంటే ఆకలితో ఉన్న పంక్తిలో మరికొన్ని ఆకులు వేయడమే.

ఒక సరస్సు నిర్వాహకులు వరుసగా రెండేళ్లు పిల్లలను వదిలి, ఫలితం కనబడక నన్ను పిలిచారు. వలలో వందల కొద్దీ చిన్న చేపలు వచ్చాయి. ‘‘ఇవి మేము నిరుడు వదిలినవే, ఇంకో ఏడాదికి అందుకుంటాయి’’ అని వారు సంతోషించారు. తల పెద్దదిగా, వీపు పలుచగా ఉన్న ఆ చేపల వాలకం నాకు నచ్చలేదు. పొలుసులను భూతద్దం కింద పెట్టి వలయాలు లెక్కిస్తే చాలా వాటికి నాలుగేళ్లు నిండాయి. అవి పిల్లలు కావు, ఎదగని ముసలి చేపలు. వాటిని తిని అదుపులో ఉంచవలసిన వేట చేపలనేమో పెద్దవిగా ఉన్నాయని గాలం వేసేవారు ఎప్పటికప్పుడు పట్టుకుపోయారు.

కాబట్టి మొదట వేర్వేరు పరిమాణాల కన్నులు (రంధ్రాలు) ఉన్న వలలతో నమూనా తీయాలి, ఎందుకంటే ఒకే కన్ను వల ఒకే పరిమాణపు చేపలను చూపించి మోసం చేస్తుంది. పొడవు, బరువు, వయసు రాసుకోవాలి. పొడవు రెండింతలైతే బరువు సుమారు ఎనిమిదింతలు కావాలి. అంతకు బాగా తగ్గితే ఆకలి ఉన్నట్లే. అప్పుడు చేయవలసింది చిన్నవాటిని వలతో తొలగించడం, వేట చేపలను కొంతకాలం తిరిగి నీటిలోకే వదలడం. సంతానోత్పత్తి నిజంగా జరగని చోటే పిల్లలు అవసరం. అక్కడ కూడా వేలెడైనా లేని పిల్లలు వేట చేపలకు మేతగానే పోతాయి.

అపోహ: తెల్లవారేసరికి చేపలు తేలాయంటే ఎవరో విషం కలిపినట్లే.

వాస్తవం: ఈ పుకారు ఎన్ని తగవులు పెట్టిందో! విషం అసంభవమని నేను అనను, కానీ మొదట అనుమానించవలసింది ప్రాణవాయువును. రాత్రి నాచు కూడా దానిని వాడుకుంటుంది కనుక సూర్యోదయానికి ముందు అది అతి తక్కువగా ఉంటుంది; వరుసగా మబ్బు పట్టిన రోజుల్లో మరీ తగ్గుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే నిశ్చింత, 2 కన్నా తగ్గితే ప్రమాదం. నీరు వేడెక్కిన కొద్దీ పట్టుకునే ప్రాణవాయువూ తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద ఏడున్నర. మధ్యాహ్నం కొలిచి ‘అంతా బాగుంది’ అనుకోవద్దు, తెల్లవారుజామున కొలవండి. పెద్ద చేపలే ముందు చచ్చి, చిన్నవి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే కారణం దాదాపు ఇదే. పెంచిన చేపలు కళ్ల ముందు తేలితే కలిగే బాధ నాకు తెలుసు, అయినా ఆ వారమే కొత్త పిల్లలను తేవద్దు.

మిగిలినవి క్లుప్తంగా. నీటి మొక్కలన్నీ పీకేయడం శుభ్రత కాదు, అవి పిల్లలకు దాగే చోటు. దారికి అడ్డమైనంత మేరకే తీయండి. నీటిలో ముంచిన కొమ్మలు చేపలను ఒకచోట చేరుస్తాయే తప్ప వాటంతట అవే సంఖ్యను పెంచవు. తొట్టెలో పెంచిన అలంకార చేపలను సరస్సులో వదలడం దయ కాదు, రోగాలను మోసుకురావడం. గాలానికి పడి వదిలేసిన చేప ఎలాగూ చస్తుందన్నది కూడా తప్పే: కొక్కెం లోతుగా దిగకపోతే, నీటి బయట ఎక్కువసేపు ఉంచకపోతే చాలావరకు బతుకుతుంది. ముట్టుకునేముందు చేతులు మాత్రం తడుపుకోండి. పొడి చేయి దాని ఒంటి మీది జిగురును తుడిచేస్తుంది.