పాతకాలపు పోలికల డ్రెస్ వాచీలు: అపోహలు - వాస్తవాలు

రిపేరు బల్ల దగ్గర కూర్చునేవాడికి వాచీ ముఖం కంటే వీపే ఎక్కువ కనిపిస్తుంది. 1940-60ల నాటి పోలికలతో చిన్న సంస్థలు చేస్తున్న డ్రెస్ వాచీలు (మంచి బట్టల మీదికి పెట్టుకునే సాదా, పల్చటి వాచీలు) ఈమధ్య నా దగ్గరికి బాగానే వస్తున్నాయి. వాటితో పాటు ఈ మాటలూ వస్తున్నాయి.

అపోహ: "లోపల వాచీని నడిపే మెషీన్ ఆ చిన్న కంపెనీల సొంతం కాదట. బయట కొన్న మెషీన్‌కి అంత డబ్బా?"

వాస్తవం: కొన్నదే, అందులో దాచేదేమీ లేదు. టోక్యోలో వాచీల తయారీదారు హజిమే అసావోకా చేయించే కురోనో వాచీల్లో చాలావాటిలో జపాన్ కంపెనీ మియోటా మెషీన్ ఉంటుంది. ఫ్రాన్స్ కంపెనీ బాల్టిక్ ఎంఆర్01లో చైనాలోని హాంగ్‌ఝౌ మెషీన్. మీరు డబ్బు పెట్టేది డయల్‌కి, కేసుకి (వాచీ బయటి లోహపు గూడుకి), ముళ్లకి. స్కాట్లాండ్‌లో గ్లాస్గోలోని అనోర్డెయిన్ కంపెనీ వాళ్లు డయల్ కోసం లోహపు పలక మీద గాజు పొడి పరిచి, 800 డిగ్రీలకు పైగా వేడిలో పొర తర్వాత పొర కాలుస్తారు. చివరి పొరలో పగులు కనిపించినా అప్పటిదాకా చేసిన పనంతా వృథా. రేటులో అదంతా కలిసే ఉంటుంది.

పైగా మియోటా, స్విట్జర్లాండ్ సెల్లిటా మెషీన్లంటే మా మెకానిక్‌లకు పండగే. విడిభాగాలు దొరుకుతాయి, మరీ పాడైతే మెషీన్ మొత్తం మార్చేయొచ్చు. సొంత మెషీన్ చేసుకున్న చిన్న కంపెనీ రేపు మూతపడితే ఒక్క పళ్లచక్రం కోసం చేతులెత్తేయాల్సిందే. (బాల్టిక్‌లోని ఆ హాంగ్‌ఝౌ మెషీన్ విషయంలో మాత్రం నేను అంత ధీమాగా చెప్పను.)

అపోహ: "ఆ డబ్బులో పదోవంతుకి అసలు పాత వాచీయే వస్తుంది కదా, హెచ్ఎంటీ లాంటిది."

వాస్తవం: 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన హెచ్ఎంటీ అంటే నాకూ ప్రాణమే. జనతా వాచీని కళ్లు మూసుకుని విప్పగలను. కానీ ఆన్‌లైన్‌లో తళతళలాడే రంగుల్లో కనిపించేవాటిలో చాలావరకు డయల్‌కి మళ్లీ రంగు కొట్టినవే. పైన పటారం, లోన లొటారం.

లూపు (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి చూడండి. అసలు డయల్ మీద అక్షరాల అంచులు గీత గీసినట్టు ఉంటాయి. రంగు కొట్టినదాని మీద సిరా పాకినట్టు లావెక్కుతాయి. నిమిషాల గీతలు గంటల గుర్తులకు ఎదురుగా రాకుండా కాస్త పక్కకు జరిగి ఉంటాయి, 6 దగ్గర ఇది బాగా తెలుస్తుంది. వెనక మూత తీస్తే స్క్రూల తలలు నలిగిపోయి ఉంటాయి. తెలిసినవాళ్లు పక్కన ఉంటే పాతదే కొనండి, లేకపోతే వద్దు.

అపోహ: "నీలి ముళ్లంటే కాల్చిన ఉక్కే."

వాస్తవం: ఉక్కును వేడి చేస్తే మొదట గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, సుమారు 300 డిగ్రీల దగ్గర నీలం వస్తుంది. క్షణం ఆలస్యమైనా రంగు వెలిసిపోతుంది. అలా కాల్చిన ముల్లు ఒక కోణంలో దాదాపు నల్లగా, కాస్త తిప్పితే నీలంగా మెరుస్తుంది. పెయింట్ వేసింది ఎటు తిప్పినా ఒకే నీలం. పెయింట్ వేయడం తప్పేమీ కాదు, కాల్చామని చెప్పి అమ్మడమే తప్పు.

అపోహ: "కీ ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగిపోతుంది."

వాస్తవం: కీ ఇచ్చే వాచీ నిండగానే గట్టిగా ఆగుతుంది, అక్కడ ఆపేస్తే చాలు. ఆటోమేటిక్‌లో అయితే స్ప్రింగు చివర జారిపోయే ఏర్పాటు ఉంటుంది. "కీ ఎక్కువైంది, అందుకే ఆగిపోయింది" అని తెచ్చే వాచీలో సాధారణంగా ఉండేది ఎండిపోయిన ఆయిల్.

అపోహ: "36 మిల్లీమీటర్లా? ఆడవాళ్ల వాచీలా ఉంటుంది."

వాస్తవం: 1932లో వచ్చిన స్విస్ కంపెనీ పాటెక్ ఫిలిప్ వాచీ కలట్రావా 96 సైజు సుమారు 31 మిల్లీమీటర్లే. అది మగవాళ్ల వాచీయే. కేసు వెడల్పు కంటే బెల్టు తగిలించే పైకొమ్ము నుంచి కింది కొమ్ము దాకా పొడవెంతో అడగండి, మణికట్టు దాటి బయటికి రాకూడదు.

అపోహ: "30 మీటర్లని రాసుంది, వానలో ఫర్వాలేదు."

వాస్తవం: అది ల్యాబ్‌లో పెట్టే ఒత్తిడి లెక్క. చేతులు కడుక్కునేటప్పుడు పడే నాలుగు చుక్కల వరకే నమ్మండి. విశాఖ ఉక్కపోతలో తోలు బెల్టు పాడవడానికి చెమటే చాలు.

అపోహ: "వెబ్‌సైట్‌లో ఉన్నదే రేటు."

వాస్తవం: బయటి దేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ ఉంటాయి. కొరియర్ బిల్లు చూసి టెన్షన్ పడేకంటే ముందే లెక్క వేసుకోండి. వారంటీ రిపేరుకి వెనక్కి పంపేటప్పుడు సుంకం కట్టిన కాగితాలు దాచుకోండి, లేకపోతే తిరిగొచ్చినప్పుడు మళ్లీ సుంకం అడగొచ్చు.